కాపురం ఉన్నట్టు రుజువు

నా ఇంట్లో నేనే ఉంటున్నానని రుజువు చూపించాల్సిన రోజు ఒకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మధురవాడలో మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు, నేనున్నానని. ఉన్నానని చెప్పి ఊరుకోరు కూడా, కాస్త తక్కువగా ఉంటే బాగుండునంటారు. చెత్తబండి నడిపే అతను మా మలుపు దగ్గరికి రాగానే మైకు గొంతు తగ్గిస్తాడు. నీళ్ళు వదిలే అతను నా గేటు దాటేటప్పుడు సైకిలు వేగం పెంచుతాడు. ఇన్నేళ్ళుగా ఇంత గట్టిగా ఒకచోట బతికిన మనిషిని నేను. అలాంటి దాన్ని, కాగితాల మీద లేనని తేలింది.

మాది కొండవాలు వీధి. కింద రెండు గదులూ వంటిల్లూ, పైన మేడ మీద రెండు గదులు. ఇల్లు నా పేరు మీదే ఉంది. మేడ వరండాలో ఎడమ చివర నిలబడితే రెండు అపార్టుమెంట్ల సందులోంచి చీర అంచంత సముద్రం కనిపిస్తుంది. గదులు అద్దెకిచ్చే యాప్‌లో ‘సముద్రం కనిపించే గదులు’ అని రాశాను. అబద్ధం కాదు. ఎంత కనిపించాలో ఎవరూ నియమం పెట్టలేదు.

పద్దెనిమిదేళ్ళు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పాను. స్థానిక ప్రభుత్వాలు, వాటి ఆదాయ మార్గాలు, ఇంటి పన్ను, నీటి పన్ను, వృత్తి పన్ను... నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఒక ఏడాది కాలేజీవాళ్ళు ఆర్ట్స్ గ్రూపులు ఎత్తేశారు. లెక్కలు చెప్పేవాళ్ళు మిగిలారు, ప్రభుత్వం గురించి చెప్పేవాళ్ళం ఇంటికొచ్చాం. మా ఆయన ఓదార్చబోయి, “పోనీలే, నా జీతముంది కదా” అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళ వయసు నుంచి నా గాజులూ నా పుస్తకాలూ నా బస్సు పాసూ నేనే కొనుక్కున్న దాన్ని.

అప్పుడు మొదలుపెట్టాను మేడ మీద గదుల్ని రోజువారీ అద్దెకివ్వడం. రెండు మంచాలు, ఒక ఏసీ, కిటికీలకు తెరలు, యాప్‌లో నాలుగు ఫోటోలు. రాయపూర్ నుంచి, కలకత్తా నుంచి బీచి చూడ్డానికి వచ్చేవాళ్ళు. సింహాచలంలో చందనోత్సవానికి వచ్చేవాళ్ళు. పిల్లల్ని కాలేజీలో చేర్చడానికొచ్చే తండ్రులు. మొదటి నెల డబ్బు బ్యాంకులో పడగానే వెళ్ళి ఒక జత చెప్పులు కొనుక్కున్నాను. అవసరం లేదు. అయినా కొనుక్కున్నాను.

ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా నమోదు చేయించలేదు. తెలియక కాదు. సివిక్స్ చెప్పినదాన్ని తెలియదంటే ఎవరు నమ్ముతారు? అందరూ చేస్తున్నారు కదా, అడిగినప్పుడు చూద్దాం అనుకున్నాను. పాఠం చెప్పడం వేరు, పన్ను కట్టడం వేరు. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది.

మా అత్తగారి లెక్క వేరు. ఆవిడది తగరపువలస అవతల పల్లెటూరు. ఇంటికొచ్చిన మనిషి దగ్గర తిండికీ పడకకీ డబ్బు పుచ్చుకోవడం ఆవిడకి తలకొట్టేసినంత పని. వద్దని నన్నెప్పుడూ అనలేదు, కానీ వీధికి తెలియనివ్వకూడదని పట్టు. “ఊరందరికీ సెప్తావేటి, సుట్టాల దగ్గిర పైసలు లాగుతన్నామని?” అనేది. ఆవిడ దృష్టిలో మేడెక్కిన ప్రతివాళ్ళూ చుట్టాలే. పక్కింటావిడ ఎవరొచ్చారని అడిగితే చాలు, వరస కలిపేసేది. తలపాగా పెట్టుకున్న సర్దార్ కుటుంబం ఒకటి దిగితే, “మా సిన్న తమ్ముడి వియ్యపోరు. అటేపు ఉజ్జోగాలు” అంది. పక్కింటావిడ తల ఊపింది. ఆ తల ఊపడంలో ఎంత అపనమ్మకం ఉందో నాకు కనిపించింది గానీ మా అత్తకి కనిపించలేదు.

ఇక్కడ మా సంసారం గురించి ఒక ముక్క చెప్పాలి. ఈ కథంతా దాని మీదే తిరిగింది. మా ఆయన స్టీలుప్లాంటులో పని చేస్తారు. విశాఖపట్నానికి ఆ కొసన ప్లాంటు, ఈ కొసన మధురవాడ. మధ్యలో పోర్టు, ఖనిజం లారీలు, ఆగిపోయిన ట్రాఫిక్కు. షిఫ్టులున్న రోజుల్లో ఆయన ప్లాంటు క్వార్టర్సులోనే ఉంటారు, సెలవు దొరికితే ఇక్కడికొస్తారు. నేను కాలేజీకి రోజూ అంత దూరం తిరగలేక అత్తని తీసుకుని ఈ ఇంటికొచ్చి పన్నెండేళ్ళయింది. మా కార్డులు మాత్రం ఇక్కడికి రాలేదు. ఆధార్, ఓటు, గ్యాసు, అన్నీ క్వార్టర్ నంబరు మీదే ఉండిపోయాయి. ప్లాంటువాళ్ళలో ఇది మామూలే. ఇల్లు ఊరి ఈ చివర కట్టుకుంటారు, అడ్రసు క్వార్టర్సులోనే వదిలేస్తారు. రిటైరయ్యాక ఒక్కసారే మార్చుకుందాంలే అంటారు. మేమూ అదే అనుకున్నాం. మనిషి మారితే చాలదా, కాగితం ఎక్కడికి పోతుందని.

ఆ ఏడాది రోజువారీ అద్దెలకిచ్చే ఇళ్ళన్నిటినీ లెక్కలోకి తేవాలని కార్పొరేషన్ వాళ్ళు వీధి వీధీ తిరగడం మొదలుపెట్టారు. యాప్‌లో ఫోటోలు చూసుకుంటూ గేట్లు పోల్చుకుంటూ వస్తున్నారని విన్నాను. మా గేటు నీలం రంగు, ఫోటోలో ఇంకా నీలంగా కనబడుతుంది. వాళ్ళు వచ్చిన రోజున నేను తగరపువలస సంతలో తలగడ గలీబుల బట్ట బేరమాడుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

“ఇద్దరొచ్చినారు,” అంది. “ఒక గుంట, ఒక బాబు. ఆ బాబు సేతిలో కాయితాల కట్ట. సూడగానే తెలిసిపోనాది నాకు, ఈడు పన్నుకొచ్చినోడేనని.”

“ఏం చెప్పావత్తా?”

“ఏటి సెప్తాను? మా కోడలు ఇక్కడుండదు బాబూ, పెనిమిటి కాడ క్వార్టర్సులో ఉంటాది, ఎప్పుడో గాని రాదు అని సెప్పినాను.”

“మేడ మీద ఎవరని అడగలేదా?”

“అడగకేటి. సుట్టాలని సెప్పినాను.”

“వాళ్ళు హిందీ మాట్లాడుతున్నారు కదత్తా!”

“అయితే? హిందీ సుట్టాలుండకూడదేటి?”

“కింద ఎవరుంటున్నారని అడిగారా?”

“కిందా సుట్టాలే అన్నాను. నువ్వెవులమ్మా అన్నాడు. నానూ సుట్టాన్నే బాబూ, నాలుగు రోజులుండి పోతాను అన్నాను.” కాళ్ళు చాపుకుని, గెలిచిన మనిషిలా చూసింది. “ఇంటి మడిసి ఊళ్ళో నేకపోతే కాయితం ఎవులికిస్తాడు? మా మాంగారి కాలంలో శిస్తుకొచ్చినోల్లందరికీ ఇదే సెప్పేవోళ్ళం. మగోళ్ళు ఊళ్ళో నేరు. అంతే. ఎనక్కి తిరిగి ఎల్లిపోయేవోళ్ళు.”

ఆవిడని ఏమనగలను? నాకు ఎండ తగలకూడదని గొడుగు పట్టిన మనిషి. నాకోసమే చెప్పింది. ఆ చెప్పడంలో నేనే ఇంట్లోంచి మాయమైపోయానని ఆవిడకి తోచలేదు.

వారం తర్వాత నోటీసు వచ్చింది. ఆవిడ అనుకున్నట్టు ఇంటి మనిషి లేదని వెనక్కి పోలేదు, గేటుకి అంటించి పోయారు. భవనం మొత్తాన్నీ వసతిగృహంగా వాడుతున్నట్టు, యజమాని అందులో నివాసం లేనట్టు పరిశీలనలో తేలినందున, మొత్తం భవనానికి నివాసేతర పన్ను ఎందుకు విధించకూడదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. లైసెన్సు తీసుకునేదాకా బసలు ఆపమన్నారు. యజమాని లేని వసతిగృహానికి లైసెన్సు కావాలంటే వేరే ఏర్పాట్లు చాలా ఉన్నాయట, ఆ చిట్టా వెనక పేజీ నిండా ఉంది. నేను రెండుసార్లు చదివాను. మేడకి పన్ను వేస్తే కడతాను, అది న్యాయం. కానీ మేం వండుకుని తినే వంటింటికీ, మా అత్త పడుకునే మంచానికీ లాడ్జి లెక్కన పన్నా? ఆ లెక్కన అయితే మేడ మూసుకోవడమే. మూసుకుంటే నేను మళ్ళీ ఇంకొకరి జీతం మీద బతికే మనిషిని.

మా ఆయనకి ఫోన్ చేశాను.

“నీకెన్నిసార్లు సెప్పాను, ముందే ఎల్లి రాయించుకోమని,” అన్నారు.

“ఎప్పుడు చెప్పారు?”

“సెప్దామనుకున్నాను.”

“అనుకున్నవన్నీ చెప్పినట్టయితే నేనీపాటికి మిమ్మల్ని ఎన్ని తిట్టినట్టో తెలుసా?”

“నీ నోటితోనే వచ్చింది తంటా అంతా. ఊళ్ళో వాళ్ళందరితోనూ తగువే. ఆఫీసులో ఒక్కడైనా నీ వైపు మాట్లాడతాడేటి? పోనీ మూసేద్దాం. ఏటవుతాది. నా జీతముంది కదా.”

మళ్ళీ అదే మాట. ఫోన్ పెట్టేశాను.

జోనల్ ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపొకటి ఉంది. నోటీసు కాపీలు తీయిస్తుంటే ఆ షాపతను అది చదివేశాడు. కాపీ తీసేవాడు చదవకుండా ఎలా ఉంటాడు? “ఇదేటి పెద్ద పనా మేడమ్,” అన్నాడు. “మేడ మీదున్నోళ్ళు పదకొండు నెలల అద్దెకున్నారని అగ్రిమెంటు రాసేద్దాం. కింద మీరు. పాత తేదీ స్టాంపు కాయితం నాను సూసుకుంతాను. మా బావే రాస్తాడు.” పక్కన కుర్చీలో కూర్చున్న బావ నాకు నమస్కారం పెట్టాడు. చాలా మర్యాదస్తుడు.

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. కాపీలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అప్పుడనిపించింది: చుట్టాలని ఒక్క అబద్ధం చెప్పినందుకే నేను నా ఇంట్లోంచి లేచిపోయాను. రెండోది కూడా చెబితే ఇంక ఎక్కడ తేలతానో. “అక్కర్లేదు బాబూ,” అని కాపీల డబ్బులిచ్చి రోడ్డు దాటాను.

సంజాయిషీ రాసిచ్చాక విచారణకి పిలిచారు. విచారణ అన్నమాటే గానీ కోర్టులా ఏమీ లేదు. ఒక గది, ఒక బల్ల, రెండు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరుగుతోంది. బల్ల వెనక రెవెన్యూ అధికారి. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కాగితాలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. పక్కన మా వార్డు సచివాలయంలో పని చేసే అమ్మాయి ట్యాబు పట్టుకుని కూర్చుంది. ఆ రోజు మా ఇంటికొచ్చిన ‘గుంట’ ఈమేనన్నమాట. మా వార్డుకి కొత్తగా వచ్చింది, నేనెప్పుడూ ముఖం చూడలేదు.

“మేడమ్, మీరా ఇంట్లో ఉంటున్నట్టు కాయితమేదైనా ఉందా?”

“నేనున్నాను కదా సార్, మీ ఎదురుగా.”

“నా ఎదురుగా ఉన్నారు. అక్కడ ఉన్నారా అని అడుగుతున్నాను.”

సంచీ విప్పి ఒక్కొక్కటీ ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటీ చూసి బల్ల మీద వరసగా పేర్చాడు, పేకముక్కలు పరిచినట్టు.

“ఆధార్ క్వార్టర్సు. ఓటు క్వార్టర్సు. గ్యాసు క్వార్టర్సు. కరెంటు బిల్లు మీ వారి పేరు, ఆయన ఉండేదీ క్వార్టర్సే. పన్ను రశీదు మీ పేరే. కానీ అది ఇల్లు మీదని చెబుతుంది, మీరందులో ఉన్నారని చెప్పదు. మీతో ఇంకెవరుంటారు?”

“మా అత్తగారు.”

“ఆవిడ ఆధార్?”

“తగరపువలస దగ్గర పల్లెటూరు.”

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూశాడు. “అంటే కాయితాల ప్రకారం ఆ ఇంట్లో ఎవరూ లేరు.”

“చుట్టాలున్నారు సార్,” అన్నాను. ఒళ్ళు మండి అన్నాను గానీ ఆయన నవ్వలేదు.

ఫోన్ తీసి యాప్‌లో మా ఇంటి గురించి అతిథులు రాసినవి చూపించాను. ఒకాయన రాశాడు: ‘గదులు శుభ్రం. కానీ ఓనర్ ఆంటీ నీళ్ళ మోటారు ఆపమని మూడుసార్లు పైకొచ్చింది.’ ఇంకొకావిడ: ‘కింద ఓనర్ మేడమ్ ఎవరితోనో పోట్లాడుతుంటే పొద్దున్నే మెలకువ వచ్చింది. టిఫిన్ బాగుంది.’ నాకు తగ్గిన నక్షత్రాలన్నీ నేను ఆ ఇంట్లో ఉండటం వల్లే తగ్గాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

అధికారి అన్నీ శ్రద్ధగా చదివాడు. ఈసారి మూతి కాస్త వంకర తిరిగింది. “రాసిందెవరో నాకు తెలీదు మేడమ్. ఫైల్లో పెట్టలేను. ఎవరైనా రాసుకోవచ్చు.”

అక్కడ నాకు తిక్క రేగింది. లేచి నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ళు వెనక బెంచీ దాకా వినబడేలా చెప్పిన గొంతు, తగ్గమంటే తగ్గదు.

“రికార్డు కావాలా సార్ మీకు? రెండు నెలల కిందట మా గేటు ముందు కాలవ మీద పలక విరిగింది. మా అత్తగారి కాలు అందులో పడబోయింది. ఫోన్ చేశాను. ఎవరూ రాలేదు. మళ్ళీ చేశాను. ఒకతను వచ్చి చూసి పోయాడు. మళ్ళీ చేశాను. అదంతా క్వార్టర్సులో కూర్చుని చేశానా? అక్కడి నుంచి నాకు ఇక్కడి కాలవ కనిపిస్తుందా?”

ట్యాబు పట్టుకున్న అమ్మాయి చటుక్కున తలెత్తింది. “సార్,” అంది, “ఈ ఆంటీ గొంతు నాకు తెలుసు.”

“ఏంటి?”

“ఫోన్లో సార్. వారానికోసారి విన్నట్టే ఉంటది. ఈ ఆంటీయేనని ఇప్పుడే తెలిసింది.” నా వైపు తిరిగింది. “డోర్ నంబరు చెప్పండాంటీ.”

చెప్పాను. ఆ అమ్మాయి వేళ్ళు ట్యాబు మీద టకటకలాడాయి. తర్వాత ట్యాబుని అలాగే బల్ల మీద పెట్టి అధికారి వైపు జరిపింది. ఆయన చూడటం మొదలుపెట్టాడు. చదువుతూ పోయాడు. వేలితో పైకి తోస్తూ పోయాడు.

“వీధి దీపం వెలిగి ఆరుతోంది,” చదివాడు. “సిబ్బంది ఇంటికి వెళ్ళి చూశారు. ఫిర్యాదుదారు ఇంటి వద్ద ఉన్నారు. దీపం మార్చడమైనది. ఫిర్యాదుదారు సంతృప్తి చెందలేదు.” పైకి తోశాడు. “చెత్తబండి వీధిలోకి రావడం లేదు. ఫిర్యాదుదారు ఇంటి వద్ద ఉన్నారు. సంతృప్తి చెందలేదు.” ఇంకోటి. “చెత్తబండి మైకు మరీ గట్టిగా ఉంది.” ఆగి నన్ను చూశాడు. “రావట్లేదన్నదీ మీరే, వచ్చిందన్నదీ మీరేనా?”

“రమ్మన్నాను గానీ పాడమన్నానా సార్?”

“కుక్కలు. నీళ్ళు తెల్లవారక ముందే వదిలేస్తున్నారు. నీళ్ళు మరీ ఆలస్యంగా వదులుతున్నారు. కాలవ పలక. కాలవ పలక. కాలవ పలక. ఫిర్యాదుదారు ఇంటి వద్ద ఉన్నారు, ఇంటి వద్ద ఉన్నారు...” ఆయన వేలు నొప్పెట్టి కాబోలు ఆపాడు. “ఇంకా ఉన్నాయామ్మా?”

“ఉన్నాయి సార్,” అంది ఆ అమ్మాయి. “ఇవి సచివాలయం వచ్చాకే. అంతకు ముందువి సోమవారం గ్రీవెన్సుకి కాయితాల మీద ఇచ్చేవారట. పాత ఫైళ్ళలో ఉంటాయి.”

నేను మెల్లగా కూర్చున్నాను. చెప్పొద్దూ, కొంచెం సిగ్గేసింది. ఒక్కొక్కటీ రాసినప్పుడు ధర్మయుద్ధంలాగే ఉండేది. అన్నీ కలిపి ఇంకొకరు చదువుతుంటే మాత్రం ఈవిడెవరో ఇంట్లో వాళ్ళు ఎలా భరిస్తున్నారో అనిపించింది.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మేడమ్,” అన్నాడు, “ఇది మా మనుషులు రాసిన రికార్డే. ఇంటికొచ్చి చూసి, మీరున్నారని రాసి సంతకం పెట్టారు. ఒకసారి కాదు. ఇన్ని ఫిర్యాదులు క్వార్టర్సులో కూర్చుని ఎవరూ ఇవ్వరు.” ఆ మాట వినగానే నా భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. అంతసేపూ చెవుల దాకా ఎత్తి పట్టుకున్నానని అప్పుడు గాని తెలియలేదు. “అయినా నేనోసారి ఇల్లు చూడాలి. చూశాకే ఆర్డరు.”

శనివారం వస్తానన్నాడు. శుక్రవారం రాత్రి మా ఆయన వచ్చారు. జరిగింది చెబితే నమ్మలేదు. నమ్మాక చాలాసేపు నవ్వారు. “నీ నోరు కొంప ముంచుతాదనుకున్నాను,” అన్నారు. “నిలబెట్టింది,” అన్నాను. ఈ మాట ఆయన చేత ఒక్కసారైనా అనిపిద్దామనుకున్నాను గానీ, నేనే అనేశాను.

పొద్దున్న మా అత్త నా దగ్గరికొచ్చింది. “ఆ బాబొస్తే ఇప్పుడేటి సెప్పాలి?”

“నిజం చెప్పు అత్తా.”

“నిజమా?” ఆవిడ నోరు తెరిచింది. “పన్నోల్లకా?”

అధికారి పదకొండు గంటలకొచ్చాడు. ముందు గదిలో నా చీరలు దండెం మీద, టీవీ మీద నా కళ్ళజోడు, కిటికీలో నా బీపీ మాత్రలు. వంటింట్లో పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. ఏమీ సర్దకుండా అలాగే ఉంచాను. నా జన్మలో సర్దని ఇల్లు ఒకరికి చూపించడం అదొక్కసారే. ఆయన గది గదికీ వెళ్ళి చూశాడు, మేడ కొలిపించాడు, ఏసీ చూశాడు, వరండా ఎడమ చివర నిలబడి సముద్రం కూడా చూశాడు. కిందికొచ్చి మా అత్త కుర్చీ దగ్గర ఆగాడు.

“అమ్మా, మీ కోడలు ఇక్కడే ఉంటున్నారా?”

“ఉంటాది బాబూ,” అంది మా అత్త, పెద్ద నిట్టూర్పుతో. “ఉండకేటి. పొద్దస్తమానూ ఉంటాది. ఒక్క పూటైనా ఎక్కడికీ ఎల్దు. నా పేనానికి తెలుసు.”

“మరి మొన్న మావాళ్ళతో ఉండరని చెప్పారు. మీరు కూడా చుట్టమేనని చెప్పారు.”

మా ఆయన గోడ వైపు తిరిగారు.

“కోడలికి అత్త సుట్టం కాదేటి బాబూ?” అంది మా అత్త.

అధికారి ఆవిడ వంక చూసి, చేతిలో ఉన్న పెన్ను మూత పెట్టి, పప్పుచారు వాసన బాగుందమ్మా అన్నాడు.

ఆర్డరు పది రోజుల్లో వచ్చింది. కింది అంతస్తు నివాసం. మేడ నివాసేతరం, అద్దెలు మొదలుపెట్టిన నాటి నుంచి. మేడకి లైసెన్సు తీసుకోవాలి, వచ్చేవాళ్ళ గుర్తింపు కార్డుల వివరాలు పుస్తకంలో రాసి ఉంచాలి, గేటుకి బోర్డు పెట్టాలి. పాత తేడా కట్టాను. కడుతున్నప్పుడు నొప్పిగానే ఉంది, కాదనను. కానీ రశీదు తీసుకుని బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాక, ఎన్నాళ్ళో నడిచి చెప్పులు విప్పినట్టు హాయిగా అనిపించింది. ఎదురుగా జిరాక్సు షాపు బావ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మా పక్క వీధిలో చిన్న లాడ్జి నడిపే ఒకాయన ఉన్నాడు. కనబడినప్పుడల్లా నన్ను కొరకొరా చూసేవాడు. అసూయ అనుకునేదాన్ని. ఆయన కట్టేవన్నీ కట్టుకుంటూ పక్కా బోర్డు పెట్టుకుని కూర్చుంటే, నేను చుట్టాల పేరు చెప్పి ఆయన గిరాకీని మేడెక్కించుకున్నాను. చూడక ఏం చేస్తాడు? క్లాసులో పిల్లలు పన్నులెందుకు కట్టాలని అడిగితే రోడ్లు, దీపాలు, నీళ్ళు అని చెప్పేదాన్ని. కట్టని వాడి భారం కట్టేవాడి నెత్తిన పడుతుందని కూడా చెప్పేదాన్ని, ఆ వాక్యం పుస్తకంలో ఉండేది. ఆ కట్టేవాడు పక్క వీధిలోనే ఉంటాడని పుస్తకంలో లేదు.

లైసెన్సు కాగితం తీసుకోవడానికి వెళ్ళిన రోజు అధికారి నన్ను ఆపాడు. “ఇకనైనా ఫిర్యాదులు కాస్త తగ్గిస్తారా మేడమ్?”

“తగ్గిస్తే నేనిక్కడ ఉన్నట్టు మీకెలా తెలుస్తుంది సార్?”

ట్యాబు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాలవ పలక మాత్రం ఆ వారంలోనే వేశారు. రికార్డులో ఏం రాసుకున్నారో తెలియదు గానీ, ఫిర్యాదుదారు సంతృప్తి చెందింది.

బోర్డు పెట్టాక మొదట దిగినవాళ్ళు రాయపూర్ నుంచి, నలుగురు. క్యాబు గేటు ముందు ఆగగానే పక్కింటావిడ ఎప్పటిలాగే ప్రహరీ మీంచి తొంగి చూసి, “ఎవరొచ్చారండీ?” అంది. నేను పెట్టె అందుకోబోతూ ఆగాను. మా అత్త కుర్చీలోంచి లేచి గేటు దాకా నడిచింది. బోర్డు మీద చెయ్యి వేసింది.

“సుట్టాలు కాదు,” అంది, వీధి చివరికి వినబడేలా. “డబ్బులిచ్చి ఉంటారు. మాము పన్ను కడతన్నాం.”

అని, లోపలికెళ్ళి వాళ్ళకి మజ్జిగ తెచ్చింది. మజ్జిగకి డబ్బులు తీసుకోవాలా అని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. నలుగురూ వరండా ఎడమ చివర నిలబడి మజ్జిగ తాగుతూ సముద్రం ఎక్కడని వెతుక్కుంటున్నారు. నేను కింద నుంచి కేకేసి చెప్పాను, ఇంకొంచెం పక్కకి జరగమని.